చివరి అంకె

మూడు సాఫ్ట్‌వేర్లు, ఒకే ఫొటో, మూడు రకాల అంకెలు. వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు మాత్రం ఆ వారమంతా ఒళ్లు మండుతూనే ఉంది, ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

నా పేరు దేవీప్రసాద్. కూర్మన్నపాలెం జంక్షన్‌లో నాకో స్టూడియో ఉంది. స్టీలు ప్లాంటు ఉద్యోగులకి పాస్‌పోర్టు ఫొటోలు, చుట్టుపక్కల వాళ్లకి పెళ్లి ఆల్బమ్‌లు, అదీ బతుకు. పిచ్చి మాత్రం వేరే ఉంది. యూట్యూబ్‌లో ఒక చానెల్ పెట్టి, రా ఫైళ్లని ఫొటోలుగా మార్చే సాఫ్ట్‌వేర్లలో ఏది మేలో తెలుగులో పోల్చి చెబుతుంటాను. రా ఫైలంటే కెమెరా తన మీద పడ్డ వెలుగుని ఉన్నదున్నట్టు దాచిపెట్టుకున్న సరుకు. అదింకా ఫొటో కాదు, కడిగి పెట్టిన బియ్యం. దాన్ని వండి వడ్డించేది సాఫ్ట్‌వేరు. ఒకటి మెత్తగా వండుతుంది, ఒకటి పలుకుగా వండుతుంది, ఒకటి అడుగంటిస్తుంది. ఎవరి వంట బాగుందో నేను చెబుతాను, కింద కామెంట్లలో జనం జుట్లు పట్టుకుంటారు. నా చానెల్ చూసేవాళ్లు చాలా తక్కువ. ఆ తక్కువ మందిలో ఒకడు కోటి కావడమే నా కొంప ముంచింది.

కోటి సముద్రం మీద చేపల వేట చేసేవాడు. ప్లాంటు గోడ దాటి సముద్రం వైపు పోతే ఒడ్డున ఉన్న పేట వాడిది. వాడి చెల్లెలి పెళ్లికి ఫొటోలు తీసిన దగ్గర్నుంచి నాకు బావ అయిపోయాడు. వాడికి రా ఫైలు తెలీదు, సాఫ్ట్‌వేరు తెలీదు, అయినా నేను పెట్టిన ప్రతి వీడియో చివరిదాకా చూస్తాడు. మా బావ మాట్లాడతన్నాడని పక్కవాళ్లకి కూడా చూపిస్తాడు.

వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ నీళ్లలోకి దిగిన వారం అది. సూర్యుడు రాకముందే నేను ఒడ్డున రాళ్ల గుట్ట ఎక్కాను. కొత్త వీడియోకి నాకొక చెడ్డ ఫొటో కావాలి. మంచి ఫొటోని ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే చూపిస్తుంది, చీకటిగా ఉన్నదాన్ని వెలుగులోకి లాగమన్నప్పుడే వాటి బండారం బయటపడుతుంది. అందుకని కావాలనే, వెలుగు బాగా తగ్గించి తీస్తున్నాను. అంతలో ఒక మర బోటు ఒడ్డు వెంబడే డబడబమంటూ వచ్చింది. నల్లటి నీళ్ల మీద నల్లటి బోటు, ఇంతకన్నా ఏం కావాలని టపటపా నొక్కేశాను. నొక్కి వెంటనే కెమెరా వెనక తెర మీద చీకటి సరిగ్గా కుదిరిందో లేదో చూసుకున్నాను. కుదిరింది. తలెత్తేసరికి బోటు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చే దారిలో ఒక కాపీ కోటికి వాట్సాప్ చేశాను, కింద మీ సముద్రం అని రాసి. ఆ పని చేయకపోయినా బాగుండేది.

స్టూడియో తెరిచి కాసేపయిందో లేదో కోటి వచ్చాడు. తడి లుంగీ, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావా, వల పోనాది," అన్నాడు.

ఆ వల సంగతి నాకు తెలుసు. నిషేధం రెండు నెలలూ కోటీ, వాడి పెళ్లాం సీతాలూ ఇంటి ముందు నీడలో కూర్చుని కట్టుకున్న వల. ముందురోజు సాయంత్రం వేసి, కొసన గుర్తుకి జెండా కర్ర పెట్టి వచ్చాడు. పొద్దున్న తీద్దామని వెళ్తే సగం లేదు, మిగిలిన సగం పీలికలు. మర బోటు కింద నీళ్లలో తిరిగే పంకాకి చిక్కితేనే అలా తెగుతుందట. పేటలో దీనికో కట్టుబాటు ఉంది. ఎవరి బోటు వల కోసిందో తేలితే ఆ బోటాయన కొత్త వల ఇచ్చుకోవాలి, ఇచ్చేదాకా బోటు కదలకూడదు. తేలకపోతే పోయినవాడి ఖర్మ. ఈ సీజన్‌లో కోటికి సొంత వేట ఉంటుందా, లేక ఇంకొకరి బోటులో కూలికి పోవాలా అన్నది ఆ ఒక్క విషయం మీదే ఆగింది.

"ఆ పక్కకి వొచ్చిన మర బోటు అదొక్కటే. నీ బొమ్మలో ఉన్నాది. నంబరు సూసి సెప్పు బావా. సివర ఎనిమిదుంటే అర్జునరావుది."

అర్జునరావుదీ అదే పేట. మర బోట్లు ఒడ్డుకి దగ్గరగా రాకూడదని కిందటేడు కోటి అతనితో కలబడ్డాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. కోటి మనసులో చివరి అంకె అప్పటికే రాసేసుకున్నాడని నాకు అర్థమైంది. అయినా నాకేం, ఉన్నదేదో చూసి చెబుతాను అనుకున్నాను.

బోటు నంబరులో ముందు అంకెలు ఎలాగో తెలుస్తున్నాయి, కానీ అవి అక్కడ సగం బోట్లకి ఉన్నవే. చివరి అంకె మీద, బోటు పక్కన వేలాడే టైరు నీడ పడింది. నా దగ్గర మూడు సాఫ్ట్‌వేర్లున్నాయి. నెలనెలా అద్దె కడితే తప్ప తెరుచుకోనిది ఒకటి, కెమెరా కంపెనీ కెమెరాతో పాటు ఇచ్చింది ఒకటి, ఎవరో పుణ్యాత్ములు ఊరికే పంచుతున్నది ఒకటి. వాటి అసలు పేర్లు వీడియోల్లోనే. ఇంట్లో మాత్రం అద్దెది, కంపెనీది, ఊరికేది అంటాం. నా వీడియోల్లో ఎప్పుడూ మొదటి బహుమతి అద్దెదానికే. అందులో కొత్తగా ఒక మీట వచ్చింది. చీకటి ఫొటోలో మచ్చలన్నీ తుడిచి, మసకగా ఉన్నదాన్ని తనే గీసి పదును చేస్తుంది. అది నొక్కాను. కంప్యూటర్ ఫ్యాను గుర్రుమంది, పని ఎంతయిందో చూపే గీత నెమ్మదిగా కదిలింది, టైరు నీడలోంచి తెల్లగా, నున్నగా, పెయింటరు అప్పుడే వేసినట్టు ఎనిమిది బయటికి వచ్చింది.

"నాను సెప్పలేదేటి," అన్నాడు కోటి. తన ఫోనుతో నా తెరని ఫొటో తీసుకుని లేచాడు.

"ఉండు కోటీ, మిగతా రెండిట్లో కూడా సూద్దాం."

"ఇంకేటి సూత్తావు? నీ వీడియోలో నువ్వే సెప్పేవు కదా, కంటికి కనపడనిది కూడా ఇది సూపిత్తాదని," అంటూనే మెట్లు దిగిపోయాడు.

అన్నాను. ఆ ముక్క నేనే అన్నాను, చేతులు తిప్పుతూ మరీ అన్నాను.

సాయంత్రానికి పేట పెద్ద సింహాద్రి అర్జునరావు బోటుని ఆపించేశాడని కబురొచ్చింది. అప్పటికి నేను అదే ఫైలుని కంపెనీదాంట్లో తెరిచి, నోరు తెరుచుకుని కూర్చున్నాను. అందులో ఎనిమిది లేదు, మూడు ఉంది. ఎడమ పక్క రెండు వంపులూ మూసుకోలేదు, స్పష్టంగా మూడు. ఊరికేదాంట్లో తెరిస్తే మూడూ లేదు, ఎనిమిదీ లేదు. బరకగా ఇసక పోసినట్టుంది. చూస్తే ఆరనుకోవచ్చు, సున్నా అనుకోవచ్చు, అసలు అంకే కాదనుకోవచ్చు.

మర్నాడు స్టూడియోకి వచ్చినవాళ్లందరూ తిట్లు తిన్నారు. ఒక కుర్రాడు పాస్‌పోర్టు ఫొటోలో చెవులు కనపడాలా అనడిగితే వాడి మీద కూడా అరిచాను. మచ్చలు తుడిచే మీట సగానికి తగ్గించి చూశాను, పావుకి తగ్గించి చూశాను. అద్దెదాంట్లో ఎనిమిది కాస్తా నెమ్మదిగా కరిగి ముద్దయింది. పదును పెంచితే కంపెనీదాంట్లో మూడుకి తోక వచ్చింది. మధ్యలో కరెంటు పోయింది. కరెంటొచ్చాక అద్దెది కొత్త వెర్షన్ వేసుకోమని పట్టుబట్టి గంటసేపు తన్ను తానే దిద్దుకుంది, దిద్దుకున్నాక ఎనిమిది ఇంకా అందంగా వచ్చింది. దాని అందం చూస్తే చెంప మీద కొట్టాలనిపించింది.

"ఏటండీ, ఒకే ఎసరు మూడు పొయ్యిల మీద పెట్టి కూసున్నారు. అన్నం ఎప్పుడు పెడతారు?" అంది మా ఆవిడ సత్యశ్రీ, క్యారియరు తెచ్చి బల్ల మీద పెడుతూ. స్టూడియో లెక్కలూ ఆల్బమ్‌ల పేజీలూ తనే చూసుకుంటుంది. నా చానెల్ మాత్రం చూడదు.

"నవ్వకు. ఒకడి బోటు ఆగిపోనాది."

"అయితే మిసన్లని అడుగుతారేటి? మనకి తెలిసిన అంకె ఒకటి వాటికిచ్చి సూడండి, నిజం సెప్తాదో లేదో తేలిపోద్ది."

నాకు రావలసిన ఆలోచనే, కోపంలో రాలేదు. నల్లట్ట మీద తెల్ల పెయింటుతో మూడూ ఆరూ సున్నా రాసి, లైట్లు ఆర్పి, తలుపు సందులోంచి వచ్చే వెలుగులో అంతే చీకటిగా తీశాను. అద్దెదాంట్లో వేశాను. మూడుని ఎనిమిది చేసింది. ఆరుని కూడా ఎనిమిది చేసింది. సున్నాని వదిలేసింది, ఎందుకో దాని మీద దయ కలిగింది. కంపెనీది ఇంకో రకం, ఆరుని మూడంది. అంటే రెండూ కనపడక ఊహించి చెబుతున్నాయి, ఊహించామని మాత్రం చెప్పవు. ఇన్నాళ్లూ నేను వీటిల్లో ఏది నాణ్యమైనదని బల్ల గుద్ది తీర్పులిచ్చాను. సిగ్గూ కోపమూ కలిసి అన్నం సయించలేదు.

కోటికి ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

"నిన్న ఎనిమిదన్నావు. ఇయ్యాల తెలీదంతన్నావు. అర్జునరావు నీ దగ్గరికి వొచ్చేడేటి?"

"రాలేదు, నీ మీద ఒట్టు. ఆ ఫొటోలో అంకె లేదు కోటీ. అందులో లేనిది మిసను గీసింది."

"ఉన్నాదో లేదో రేపు పేటలో సెప్పు. పెద్దాయన నిన్ను తెమ్మన్నాడు. బావా, సీతాలు రెండ్రోజులై అన్నం ముట్టలేదు. నువ్వు ఎనిమిదని ఒక్క మాట అను, సాలు."

ఫోను పెట్టేశాక నేను చాలాసేపు ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఎనిమిదంటే వాడికి వల వస్తుంది. అనకపోతే రాదు. అర్జునరావు నాకు చుట్టమా పక్కమా? అంటే ఏం పోయింది? అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. సత్యశ్రీతో చెబితే, "అనండి, మరి ఆ ఎనిమిదిని వీడియోలో కూడా పెట్టండి," అంది.

ఆ సాయంత్రం చివరి అంకెని మూడు రకాలుగానూ పెద్ద పెద్ద కాగితాల మీద ప్రింటు తీశాను. ఎవరైనా చూస్తే ఇవి మూడూ ఒకే అంకె అని నమ్మరు. నమ్మకపోవడమే నాక్కావలసింది.

మర్నాడు పేటలో గంగమ్మ గుడి దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. ఒక పక్క కోటి, ఒక పక్క అర్జునరావు. అర్జునరావు నడివయసు మనిషి, చేతులు కట్టుకుని ఎవరి వైపూ చూడకుండా నిలబడ్డాడు. సింహాద్రి నా చేతిలో కాగితాలు తీసుకుని, తిరగేసి మరగేసి, పక్కన రాయి కింద పెట్టాడు.

"బాబూ, ఇయ్యన్నీ మాకు తెలీవు. మా కాడ ఒక పద్ధతుంది. సాచ్చికం సెప్పీవోడు నీళ్లల్లో నిలబడి సెప్పాల. సెప్పులిప్పి రా."

ప్యాంటు మడిచి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డాను. అల వచ్చినప్పుడల్లా కాళ్ల కింద ఇసక జారిపోతోంది. జనమంతా ఒడ్డున నిలబడి నన్నే చూస్తున్నారు. ఇంతమంది నా వీడియో ఒక్కటి కూడా ఎప్పుడూ చూడలేదు.

"ఆ పొద్దు బోటు నంబరు నీ కళ్లతో సూసేవా?" అనడిగాడు సింహాద్రి.

"లేదు తాతా. ఫొటో తీసి, కెమెరాలో సూసుకుంతన్నాను. తలెత్తేసరికి బోటు పోనాది."

"మరి నీ బొమ్మలో ఏటుంది?"

కోటి వైపు చూశాను. వాడు కళ్లతోనే అడుగుతున్నాడు. నోట్లోకి ఎనిమిది వచ్చింది, అబద్ధమెందుకు. ఇంకో అల వచ్చి తొడలదాకా తడిపింది.

"అంకె తెలీదు," అన్నాను. "ఒక మిసను ఎనిమిదంతాది, ఒకటి మూడంతాది, ఒకటి నాకు కనపడలేదంతాది. కనపడలేదన్నదే నిజం."

ఒడ్డున గోల మొదలైంది. కోటి నా వైపు చూడటం మానేశాడు. ఎవరో నన్ను అమ్ముడుపోయావన్నారు. ఇక ఇక్కణ్ణుంచి ఎలా బయటపడాలా అని చూస్తుంటే అర్జునరావు చేతులు విప్పి ముందుకొచ్చాడు.

"ఆ బోటు నాదే," అన్నాడు.

గోల టక్కున ఆగింది.

"నాదే. ఆ పొద్దు ఇంజను ఏడెక్కిపోతే ఒడ్డెంబడే వొచ్చేను. మూడ్రోజులై నాను వల కొయ్యలేదు, కొయ్యలేదని మొత్తుకుంతన్నాను. బోటు నీదా అని నన్నొక్కడూ అడగలేదు. అందరూ అంకె కాడే ఉన్నారు."

నాకు ఆ నీళ్లలోనే కూలబడాలనిపించింది. మూడు రోజులుగా తల బద్దలు కొట్టుకున్నది ఆ ఒక్క అంకె కోసం. అది ఎనిమిదే. అద్దెది గుడ్డిగా గీసిన ఎనిమిది, పోయి పోయి నిజమైన ఎనిమిది మీదే పడింది. ఆ మనిషిని అడిగితే మొదటి రోజే చెప్పేవాడు.

"మరింకేటి, ఒప్పుకున్నాడు కదా," అన్నాడు కోటి గొంతు చించుకుని.

"బోటు ఒప్పుకున్నాడు. వల ఒప్పుకోలేదు," అన్నాడు సింహాద్రి. నా వైపు తిరిగాడు. "బాబూ, ఆ కాయితాల్లో అంకె ముక్కే ఉన్నాది. బొమ్మ మొత్తం ఏదీ?"

బొమ్మ మొత్తం. ఈ మూడు రోజుల్లో నేను దాన్ని ఒక్కసారి కూడా మొత్తంగా చూడలేదు. తెర నిండా ఆ అంకెనే పెంచి పెంచి, దాని చుట్టుపక్కల ఉన్నదంతా కోసి పారేసి చూశాను. కోటికి పంపిన కాపీ అసలు రంగులో ఉన్న చీకటి ముద్ద, ఫోనులో నల్లటి బోటు ఆకారం తప్ప ఇంకేమీ కనపడదు. జేబులోంచి ఫోను తీశాను. మూడింట్లో తెరిచిన ఫొటోలూ అందులో ఉన్నాయి, వెలుగు పెంచినవి. మొదటిది తెరిచి మొత్తం తెర మీద పరిచాను.

సముద్రం, పైన బూడిద రంగు ఆకాశం. మధ్యలో బోటు. బోటు వెనక తెల్లటి నురగ గీత, ఫొటో ఈ అంచు నుంచి బోటుదాకా ఒడ్డు వెంబడే తిన్నగా ఉంది. ఆ గీతకి అవతల, సముద్రం వైపు, నీళ్ల మీద నిలబడ్డ ఒక కర్ర. కర్రకి ఎర్రగుడ్డ.

సింహాద్రి ఫోను అందుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు, తర్వాత కోటికి ఇచ్చాడు. కోటి చూశాడు. వాడి ముఖంలో కోపం ఎటో పోయి ఖాళీ అయిపోయింది. వాడు ఒక్క మాట ఇది నాది కాదంటే చాలు, సముద్రంలో ఎర్రగుడ్డలకి కొదవలేదు. అందరూ ఎదురుచూశారు.

"నా జెండాయే," అన్నాడు. "సీతాలు పాత సీర సింపి కట్టింది. అంచుకి జరీ ఉన్నాది సూడండి. ఒడ్డు పక్క కొస అదే. వల అక్కణ్ణించి లోపలికి పోద్ది." వేలితో నురగ గీత చూపించాడు. "బోటు ఇవతల్నించే పోనాది. వల మీదకి రాలేదు."

సింహాద్రి బోటు తీసుకుపొమ్మని చెప్పాడు. జనం ఎవరి దారిన వాళ్లు పోయారు. వల కోసిందెవరో తేలలేదు, ఇక తేలదు కూడా. పోతూ పోతూ అర్జునరావు కోటి దగ్గర ఆగి, "మా బోటులో ఒక మనిసి తక్కువున్నాడు. రేపు పొద్దున్న బయల్దేరతన్నాం," అన్నాడు. కోటి తలెత్తకుండానే సరేనన్నాడు. కూలి పిలుపది. పిలిచినవాడు మంచి మనసుతోనే పిలిచాడు, అందుకే వినడానికి మరీ కష్టంగా ఉంది.

నేను నీళ్లలోంచి బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాను. క్షమించమంటే దేనికి క్షమించాలంటాడో తెలీదు. మూడు కాగితాలూ ఇంకా రాయి కింద రెపరెపలాడుతున్నాయి, వాటిని చింపేశాను.

కోటి ఇంకా నా ఫోనునే చూస్తున్నాడు. మెల్లగా వేలితో ఆ ఎర్రగుడ్డ దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ దూరం చేసి, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"బావా, ఈ బొమ్మ సీతాలు ఫోనుకి పంపు," అన్నాడు. "ఇందులో మా వల ఇంకా తెగలేదు కదా."

ఫోను తీసుకుని వాట్సాప్ తెరిచాను. మూడు ఫొటోలు వరసగా ఉన్నాయి, అద్దెది, కంపెనీది, ఊరికేది. అలవాటు కొద్దీ నోటి వెంట వచ్చేసింది.

"మూడున్నాయి కోటీ. ఏది పంపమంతావు?"

వాడు మూడూ చూశాడు. మూడింట్లోనూ జెండా ఒకేలా నిలబడి ఉంది.

"ఏదైనా ఒకటే బావా," అన్నాడు.